2000 పాయింట్ల ఆర్క్ లిస్టు: 110 మంది బాయ్జ్‌తో టోర్నీకి వెళ్ళొచ్చా?

వాగ్_వెంకట్
ఐదు వారాల్లో నా మొదటి టోర్నమెంటు. వార్‌హ్యామర్ 40కే (బొమ్మల సైన్యాలతో టేబుల్ మీద ఆడే యుద్ధం ఆట), 10వ ఎడిషన్, సైన్యం విలువ 2000 పాయింట్లు. రెండు రోజుల్లో ఐదు ఆటలు: శనివారం మూడు, ఆదివారం రెండు. నేనుండేది లెస్టర్‌లో, పోటీ నాటింగ్‌హామ్ పక్కనే, కాబట్టి ఎగ్గొట్టడానికి సాకు కూడా లేదు. రెండేళ్ళుగా ఆర్క్స్ (పచ్చ రాక్షసుల సైన్యం) ఆడుతున్నాను కానీ అంతా ఫ్రెండ్ రూమ్‌లోనే. టీ తాగుతూ, రూల్స్ వెతుక్కుంటూ ఒక్కో ఆట ఐదు గంటలు పడుతుంది.

గ్రీన్ టైడ్ డిటాచ్‌మెంట్ (సైన్యానికి ఎంచుకునే ప్రత్యేక రూల్స్ సెట్) అనుకుంటున్నాను. నోటుబుక్కులో వేసిన లిస్టు ఇది, యాప్‌లో ఇంకా ఎక్కించలేదు:

గజ్‌కుల్ త్రాకా (ఒక ఎన్‌హాన్స్‌మెంట్‌తో, అంటే అదనపు శక్తి)
లీడర్లు: వార్‌బాస్ ముగ్గురు, పెయిన్‌బాయ్ ఇద్దరు, వియర్డ్‌బాయ్ ఒకడు
బాయ్జ్ (మామూలు పదాతులు) 20 మంది చొప్పున ఐదు గుంపులు, 10 మందిది ఇంకొకటి
కమాండోస్ 10
స్టార్మ్‌బాయ్జ్ ఐదుగురు చొప్పున రెండు
గ్రెచిన్ రెండు గుంపులు

ఇందులో 60 మంది బాయ్జ్‌కి, లీడర్లకి, గ్రెచిన్‌కి, ఒక స్టార్మ్‌బాయ్జ్ గుంపుకి రంగులు అయిపోయాయి. మిగతా 65 బొమ్మలు ఇంకా బూడిద రంగు ప్లాస్టిక్కే. ఈ లిస్టుతో వెళ్తే పరువు దక్కుతుందా? మొహమాటం లేకుండా చెప్పండి.

డైస్_దరిద్రుడు
లెక్కేశాను. గజ్‌కుల్ పక్కనుండే మకారీతో కలిపి 160 బొమ్మలు. నా పెళ్ళికి మా వైపు నుంచి కూడా ఇంతమంది రాలేదు.

మెగానోబ్_మూర్తి
మొదటి లైన్లోనే తప్పు. గజ్‌కుల్ ఎపిక్ హీరో (పేరున్న ప్రత్యేక పాత్ర), వాడికి ఎన్‌హాన్స్‌మెంట్ ఇవ్వకూడదు. మామూలు క్యారెక్టర్లకే ఇవ్వాలి. మొత్తం మూడు దాటకూడదు, ఒక్కొక్కరికి ఒక్కటే, ఒకే దాన్ని రెండుసార్లు తీసుకోకూడదు. ఇలాంటిది రిఫరీ కంట పడితే ఆట మధ్యలో తల దించుకోవాలి. ముందు ఆ లిస్టు యాప్‌లో వెయ్యి.

బాయ్జ్ ఆరు గుంపులు సరిగ్గా గీత మీద ఉన్నాయి. బ్యాటిల్‌లైన్ (సైన్యానికి వెన్నెముక లాంటి రకం) కాబట్టి ఆరు దాకా కుదురుతుంది, మామూలు యూనిట్లయితే మూడే. వార్‌బాస్‌లు ముగ్గురు, అదీ ఓకే.

వాగ్_వెంకట్
అయ్యో. రెండేళ్ళుగా అలాగే ఆడుతున్నాను. మా ఫ్రెండ్‌కి చెప్పొద్దు.

చెస్‌క్లాక్_బాబాయ్
లిస్టు సంగతి తర్వాత, ముందు గడియారం లెక్క చూడు. ఆటకి మూడు గంటలు. ఇద్దరికీ చెరి 90 నిమిషాలు. అందులోనే మోహరింపు, అవతలివాడి టర్న్‌లో నువ్వు వేసే సేవ్‌లు (దెబ్బ ఆపుకోవడానికి వేసే పాచికలు), రూల్ గురించి వాదనలు. అవన్నీ తీసేస్తే చేతిలో మిగిలేది 75 నిమిషాలు. ఐదు రౌండ్లకి పంచు, టర్న్‌కి పావుగంట.

ఇప్పుడు గుంపు కొట్లాటలోకి దిగిన టర్న్ ఊహించుకో. ఒక్కో బాయ్‌ని నాలుగుసార్లు ముట్టుకోవాలి: కదలడానికి, ఛార్జ్‌కి, శత్రువుకి ఇంకా దగ్గరగా జరిపే పైల్ ఇన్‌కి, చివర్లో మళ్ళీ జరిపే కన్సాలిడేట్‌కి. 60 మంది కొట్లాటలో ఉంటే, ముట్టుకున్నప్పుడల్లా రెండు సెకన్లు అనుకున్నా ఎనిమిది నిమిషాలు. ఇంకా ఒక్క పాచిక కూడా వేయలేదు. మిగతా 50 మందిని కదపనే లేదు. పైగా ఏడుగురు దాటిన గుంపులో ప్రతి బొమ్మా కనీసం ఇద్దరికి రెండంగుళాల లోపు ఉండాలని రూలు, అది చూసుకుంటూ జరపాలి.

నా అనుభవం చెప్తాను. మొదటి టోర్నీకి టిరనిడ్స్‌తో (పురుగుల్లాంటి ఏలియన్ సైన్యం) వెళ్ళాను, టర్మగాంట్ల మంద. రెండో ఆట మూడో రౌండ్లో నా గడియారం సున్నాకొచ్చింది. అక్కడి రూల్ ప్రకారం ఆ తర్వాత సేవ్‌లు వేయడం, స్కోరు రాసుకోవడం తప్ప ఇంకేమీ చేయకూడదు. గెలిచే ఆట. మిగతా రెండు రౌండ్లూ నా మందని అవతలివాడు తాపీగా కోసుకుంటుంటే కుర్చీలో కూర్చుని చూశాను. భోజనం కూడా సహించలేదు ఆ రోజు.

మెటావద్దు
బాబాయ్ చెప్పింది నిజమే కానీ భయపెట్టేస్తున్నారు. అన్ని టోర్నీల్లో క్లాక్ తప్పనిసరి కాదు. అవతలివాడు అడిగితేనే పెడతారు కొన్నిచోట్ల.

చెస్‌క్లాక్_బాబాయ్
160 బొమ్మలు టేబుల్ మీద పేర్చేవాణ్ణి చూసి గడియారం అడగనివాడు ఎవడుంటాడు నాయనా?

డల్లాస్_డైస్
టైమ్ కంటే పెద్ద చిల్లు ఇంకొకటి ఉంది, ఎవరూ అనలేదు. ఈ లిస్టులో ట్యాంకుని పగలగొట్టేది ఏది? బాయ్జ్ చేతిలోని చాపా (గొడ్డలి) స్ట్రెంత్ 4. ల్యాండ్ రైడర్ ట్యాంకు టఫ్‌నెస్ 12, సేవ్ 2+ (పాచిక మీద 2 గానీ పైన గానీ పడితే దెబ్బ ఆగుతుంది). ఆరు పడితేనే గాయం. వాగ్ (ఆటకి ఒక్కసారి ఇచ్చే ఆర్క్ రణకేక) పిలిచిన టర్న్‌లో స్ట్రెంత్ 5 అవుతుంది, అప్పుడూ ఆరే. గుంపు నాయకుడు నాబ్ చేతిలో పవర్ క్లా ఉంటుంది సరే, గుంపుకి ఒకడో ఇద్దరో. ఎదురుగా ఇంపీరియల్ నైట్స్ (కొండంత యంత్ర యోధులు) వస్తే ఏం చేస్తాడు, గజ్‌కుల్‌ని ఒక్కడినే పంపుతాడా? ఇక్కడ మా దగ్గర నైట్స్ లేకుండా ఒక్క ఈవెంట్ కూడా జరగదు.

పులిజూదం_పద్మ
నైట్‌ని చంపాలని ఎవరన్నారు? చిన్నప్పుడు అరుగు మీద సుద్దముక్కతో గీసి పులి-మేక ఆడలేదా మీరెవరూ? మూడు పులులు, పదిహేను మేకలు. మేక పులిని చంపే రూలే లేదు ఆ ఆటలో. దారులన్నీ మూసేసి పులి కదలకుండా కట్టేస్తే మేకల వైపు గెలుపు. ఆర్క్ మంద ఆడేది సరిగ్గా ఆ ఆటే.

లెక్క చూడండి. టేబుల్ మీది మార్కర్ ఎవరిదో తేల్చే ఆబ్జెక్టివ్ కంట్రోల్ పెద్ద నైట్‌కి 10. బాయ్ ఒక్కొక్కడిది 2. ఆరుగురు బాయ్జ్ మార్కర్‌కి మూడంగుళాల్లో నిలబడితే 12. నైట్ పక్కనే నిలబడి గాండ్రించినా ఆ మార్కర్ మనదే. ఆట స్కోరు వందలో ప్రైమరీకే 50 పాయింట్ల దాకా ఉన్నాయి, ఎక్కువ భాగం చంపినందుకు కాదు, నిలబడినందుకు.

డల్లాస్_డైస్
పోలిక బాగుంది అక్కా. కానీ పులి ఒకసారికి ఒక మేకనే దాటుతుంది. నైట్ ఒక్క టర్న్‌లో పదిహేను మేకల్ని మింగి త్రేన్చుతుంది. మూడో రౌండ్‌కి మార్కర్ మీద నిలబడడానికి ఎవరు మిగులుతారు?

పులిజూదం_పద్మ
అందుకే పెయిన్‌బాయ్‌లు. వాడున్న గుంపుకి 5+ ఫీల్ నో పెయిన్, తగిలిన గాయాన్ని కొట్టిపారేసే అదనపు పాచిక. వాగ్ టర్న్‌లో 5+ ఇన్వల్నరబుల్ సేవ్ (ఆయుధం ఎంత పదునైనా తగ్గని సేవ్) కూడా. అందరినీ ఒకేసారి ముందుకు తోయకూడదు, ఒక గుంపు చస్తుంటే రెండోది గోడ వెనక ఉండాలి. పదాతులు శిథిలాల గోడల్లోంచి నడిచి వెళ్ళొచ్చు, నైట్‌కి అంత సులువు కాదు. 110 మందీ కావాలని నేను కూడా అనను. మంద మానేయమంటేనే ఒప్పుకోను.

మెగానోబ్_మూర్తి
నా మాట విని వార్ హోర్డ్ డిటాచ్‌మెంట్‌కి మారు. కొట్లాట ఆయుధాలన్నిటికీ సస్టెయిన్డ్ హిట్స్ 1, అంటే ఆరు పడితే ఒక దెబ్బ అదనం. 20 మంది బాయ్జ్, వాగ్ టర్న్, మనిషికి నాలుగు దెబ్బలు. నాబ్‌ని పక్కన పెట్టి లెక్కకి 80 పాచికలు అనుకో. 3+కి తగిలితే 53, ఆరులకి అదనంగా 13, మొత్తం 66 పైచిలుకు. స్పేస్ మెరీన్ల మీద 3+కి గాయం, 44. వాళ్ళ సేవ్ 4+ అవుతుంది, 22 దిగుతాయి. రెండేసి వూండ్లు (ప్రాణాలు) ఉన్న మెరీన్లు పదకొండు మంది. అందరూ అందేంత దూరంలో ఉండరు, అది వేరే సంగతి.

అప్పుడు మూడు గుంపుల బాయ్జ్ చాలు. మిగిలిన పాయింట్లకి మెగానోబ్స్‌ని (బరువైన కవచం వేసిన ఆర్క్స్) ట్రక్‌లో ఎక్కించు. ట్రక్‌లో 12 చోట్లు, మెగా ఆర్మర్ వాడికి రెండు చోట్లు కావాలి. ఐదుగురు మెగానోబ్స్, ఒక మెగా ఆర్మర్ వార్‌బాస్, సరిగ్గా నిండిపోతుంది. డల్లాస్ అడిగిన ట్యాంకుల మందు అదే.

డైస్_దరిద్రుడు
పదకొండు మంది మెరీన్లా? నా పాచికలతో మూడు. ఒకసారి ఆ 80లో 30 ఒకట్లు పడ్డాయి, ఫోటో ఉంది.

రంగులడబ్బా
పాచికలు తర్వాత, పెయింట్ లెక్క ఎవరూ వేయలేదే. 65 బొమ్మలు, ఒక్కోదానికి ముప్పావుగంట అనుకున్నా దాదాపు 49 గంటలు. ఐదు వారాలకి వారానికి పది గంటలు. వెంకట్ ఉద్యోగమో చదువో చేస్తున్నట్టున్నాడు, ఆ పైన వంట. వదిలేద్దామంటే కుదరదు, సైన్యం అంతా రంగులతో బ్యాటిల్ రెడీగా ఉంటే ఆటకి 10 పాయింట్లు. వందలో పది. రంగు లేకుండా వెళ్తే ఐదు ఆటల్లోనూ పది వెనక నుంచి మొదలెట్టినట్టే.

ఎలా వేయాలో చెప్తాను. ఒక్కో బొమ్మ పూర్తిచేసి ఇంకోదానికి వెళ్ళకు. కొండపల్లిలో బొమ్మలకి వేసినట్టు పదింటిని వరసలో పెట్టి పదింటికీ ఒకే రంగు, తర్వాత పదింటికీ ఇంకో రంగు. నల్ల ప్రైమర్, పై నుంచి తెల్లగా తుడుపు, దాని మీద కాంట్రాస్ట్ రంగులు (ఒక్క పూతలోనే నీడలూ వచ్చే రకం). పచ్చ చర్మం, గోధుమ బట్ట, ఇనుము. కళ్ళ జోలికి వెళ్ళకు. మూడడుగుల దూరం నుంచి ఆర్క్ కన్ను ఎవడూ చూడడు. బేస్‌కి మాత్రం టెక్స్చర్ పేస్ట్ పూసి అంచు నల్లగా దిద్దు. బేస్ ఖాళీగా ఉంటే బ్యాటిల్ రెడీ కాదు.

ఇంకో మాట. నేను వైజాగ్‌లో ఉంటాను, వానాకాలం స్ప్రే ప్రైమర్ కొడితే బొమ్మ మీద ఉప్పు రాలినట్టు పొడి పొడిగా వస్తుంది. అక్కడ చలికి కూడా అదే గతి. డబ్బాని గోరువెచ్చని నీళ్ళల్లో కాసేపు పెట్టు, వేడి నీళ్ళల్లో కాదు సుమా. లేదా బ్రష్‌తో పూసే ప్రైమర్ కొనుక్కో.

వాగ్_వెంకట్
ఉద్యోగం, వంట, రూమ్మేట్ల వంట కూడా. 49 గంటలు చూసి గుండె ఆగింది.

మూర్తి గారూ, నా దగ్గర మెగానోబ్స్ లేవు. కొత్తవి కొనే బడ్జెట్ లేదు. ఫ్రెండ్ దగ్గర రెజిన్ ప్రింటర్ ఉంది, ప్రింట్ చేయించనా?

మెటావద్దు
టోర్నీ ప్యాక్ (నియమాల పత్రం) చదివావా? ఆట తయారుచేసే కంపెనీ తన వార్‌హ్యామర్ వరల్డ్ కేంద్రంలో స్వయంగా నడిపే పోటీల్లో వాళ్ళ సొంత సిటడెల్ బొమ్మలే తేవాలి. బయటి నిర్వాహకులది ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. ముందే మెయిల్ పెట్టి అడుగు. అక్కడికెళ్ళాక "తెలియదండీ" అంటే ఆ యూనిట్ తీసేసి ఆడమంటారు.

హైదరాబాద్_హల్క్
మీరంతా సిటడెల్, రెజిన్ అంటున్నారు. ఇక్కడ పెట్టె ధర, షిప్పింగ్, కస్టమ్స్ కలిపితే ఒక్క బాయ్జ్ డబ్బాకి నా నెల పెట్రోలు అయిపోతుంది. మా ఆటలో ల్యాండ్ రైడర్ అంటే టూత్‌పేస్ట్ అట్టపెట్టె. మీద స్కెచ్ పెన్‌తో "ల్యాండ్ రైడర్" అని రాసి ఉంటుంది. థర్మోకోల్ శిథిలాలు. అయినా ఆట ఆగలేదు.

డైస్_దరిద్రుడు
@హైదరాబాద్_హల్క్ టూత్‌పేస్ట్ పెట్టెకి సేవ్ 2+ ఎలా వచ్చిందన్నా? కాల్షియమా?

నాటింగ్‌హామ్_నాని
వెంకట్, నా దగ్గర పది మంది మెగానోబ్స్, రెండు ట్రక్కులు ఉన్నాయి, అన్నీ సిటడెల్‌వే, రంగులు కూడా అయిపోయాయి. ఆ వారాంతం నేను ఇండియా వెళ్తున్నా, తీసుకెళ్ళు. ఒక్కటే చిక్కు. నీవి నల్ల గాఫ్స్ క్లాన్ అనుకుంటా. నావి బ్యాడ్ మూన్స్, పసుపు.

వాగ్_వెంకట్
అన్నా నిజంగానా! రంగు ఏదైనా పర్లేదు. పసుపు, నల్ల కలిపితే ఎవరైనా ఏమైనా అంటారా?

మెగానోబ్_మూర్తి
ఆటలో క్లాన్ రంగుకి రూల్ ఏమీ లేదు. ఏ గుంపు ఏదో అవతలివాడికి తేడా తెలిస్తే చాలు. ఇంకా మేలు కూడా.

హైదరాబాద్_హల్క్
పసుపు తెచ్చాడు, ఇంకెవరైనా డెత్‌స్కల్స్ క్లాన్ నీలం తెస్తే ఈ చర్చ ఎటు పోతుందో నాకు తెలుసు.

పులిజూదం_పద్మ
వద్దు. దయచేసి వద్దు.

మెటావద్దు
రంగుల రాజకీయం పక్కనపెట్టి సెకండరీల (ప్రైమరీ కాక ఉండే అదనపు లక్ష్యాల) సంగతి చూడండి. 40 పాయింట్లు అక్కడున్నాయి, ఎవరూ పట్టించుకోవట్లేదు. టాక్టికల్ తీసుకుంటే కార్డు ఏది వస్తుందో తెలియదు. ఒకటి టేబుల్ మూలకి వెళ్ళమంటుంది, ఇంకోటి మధ్యలో యాక్షన్ చేయమంటుంది. దానికి 20 మంది గుంపుని పంపితే ముందున్న కొట్లాట ఖాళీ. స్టార్మ్‌బాయ్జ్, గ్రెచిన్, కమాండోస్ అందుకే. అన్నీ ఉంచుకో. పైగా పెద్ద పదాతి గుంపుల్ని చంపితే అవతలివాడికి పాయింట్లిచ్చే కార్డు కూడా ఉంది. ఐదు గుంపులంటే వాడికి ఐదు లడ్డూలు.

వాగ్_వెంకట్
స్టార్మ్‌బాయ్జ్‌ని డీప్ స్ట్రైక్‌లో (ఆట మధ్యలో నేరుగా టేబుల్ మీదికి) దించి వెంటనే ఛార్జ్ చేయిస్తుంటాను. అది తప్పా?

చెస్‌క్లాక్_బాబాయ్
శత్రువుకి తొమ్మిదంగుళాల అవతల దిగుతారు, అంటే రెండు పాచికల మీద 9 రావాలి. 36లో 10 సార్లు, 28 శాతం. కమాండ్ పాయింట్ ఖర్చుపెట్టి మళ్ళీ వేసుకున్నా సగం దాటదు. ఐదుగురి కోసం అంత జూదం ఎందుకు? మూలలో దించి పాయింట్లు తెచ్చుకో. మూడో రౌండ్ అయ్యేలోగా దించడం మర్చిపోకు, ఆ తర్వాత రిజర్వ్‌లో మిగిలినవాళ్ళు చచ్చినట్టే లెక్క.

వాగ్_వెంకట్
నిన్న ఫోన్‌లో క్లాక్ పెట్టి పాత లిస్టుతో ప్రాక్టీస్ ఆడాను. మూడో రౌండ్ సగంలో నా టైమ్ ఖతం. బాబాయ్ రాసింది అక్షరాలా జరిగింది. ఇవాళ కొత్త లిస్టుతో, నాని అన్న మెగానోబ్స్ బదులు సీసా మూతలు పెట్టి ఆడాను. 81 నిమిషాలు. కానీ ఓడిపోయాను. ట్రక్‌ని ముందుకి నడిపి, వాళ్ళని దించి, ఛార్జ్ అన్నాను. ఫ్రెండ్ నవ్వి రూల్ చూపించాడు.

మెగానోబ్_మూర్తి
ట్రక్ కదలకముందు దిగాలి. కదిలాక దిగితే ఆ టర్న్‌లో ఛార్జ్ లేదు. ఒక టర్న్ ముందే ట్రక్‌ని గోడ వెనక దగ్గరగా తెచ్చి ఆపు, తర్వాతి టర్న్‌లో దించి, నడిపి, ఛార్జ్. వాగ్ కూడా ఆ టర్న్‌లోనే. ఆటకి ఒక్కసారే ఉంది, బస్సు రాకముందే టికెట్ చింపకు.

పులిజూదం_పద్మ
బాయ్జ్ ఎన్ని గుంపులు ఉంచావు?

వాగ్_వెంకట్
మూడు అక్కా, అరవై మంది. నాకు రంగులైనవి సరిగ్గా అంతే. లిస్టు నిన్న రాత్రి పంపేశాను: వార్ హోర్డ్, గజ్‌కుల్, వార్‌బాస్ ఒకడు, మెగా ఆర్మర్ వార్‌బాస్ ఒకడు, పెయిన్‌బాయ్‌లు ఇద్దరు, బాయ్జ్ 20 చొప్పున మూడు, మెగానోబ్స్ ఐదుగురు చొప్పున రెండు, ట్రక్కులు రెండు, కమాండోస్, స్టార్మ్‌బాయ్జ్ రెండు, గ్రెచిన్ రెండు. 160 కాస్తా 120 అయింది. రంగులు వేయాల్సినవి 16 మాత్రమే. ఎన్‌హాన్స్‌మెంట్ వార్‌బాస్‌కి ఇచ్చాను మూర్తి గారూ, ప్రమాణం.

ఇప్పుడు మోసుకెళ్ళడం ఎలా? అమ్మ పచ్చళ్ళు పంపిన పెద్ద స్టీలు డబ్బాలున్నాయి, బేస్‌ల కింద అయస్కాంతాలు అంటిస్తే నిలుస్తాయా?

రంగులడబ్బా
ముందు ఒక అయస్కాంతం డబ్బాకి పెట్టి చూడు. మంచి స్టెయిన్‌లెస్ స్టీలుకి అయస్కాంతం అంటదు. నేను మా ఇంట్లో ఖరీదైన డబ్బా ఎత్తుకొచ్చి, నలభై బేస్‌లకి అయస్కాంతాలు అతికించాక తెలుసుకున్నాను. చవక డబ్బా అయితే బ్రహ్మాండంగా పట్టుకుంటుంది.

వాగ్_వెంకట్
అంటలేదు. అమ్మ మంచి డబ్బాలే పంపింది.

నాటింగ్‌హామ్_నాని
బిస్కెట్ల రేకు డబ్బా వాడు. శుభ్రంగా అంటుంది. ఇంటికి రా, రెండు ఇస్తా, మెగానోబ్స్‌తో పాటు.

డైస్_దరిద్రుడు
ఆవకాయ వాసన ఉన్న డబ్బాలో వెళ్తే అవతలివాడి ఆర్మీకి లీడర్‌షిప్ టెస్ట్ పడేది. ఛాన్స్ పోగొట్టుకున్నావ్.

వాగ్_వెంకట్
అయిపోయింది. రెండు గెలుపులు, మూడు ఓటములు.

మొదటి ఆటలో కంగారుకి స్టార్మ్‌బాయ్జ్‌ని దించడం మర్చిపోయాను, నాలుగో రౌండ్లో గుర్తొచ్చింది. ఓడాను. రెండోది నైట్స్, డల్లాస్ అన్న చెప్పినట్టే. మూడో రౌండ్‌కి రెండు గుంపులు మాయం. మధ్య మార్కర్ మీద ఏడుగురు మిగిలారు, పక్కనే పెద్ద నైట్. పద్మక్కా, ఆ ఏడుగురూ రెండు టర్న్‌లు నిలబడ్డారు, ఆరు పాయింట్ల తేడాతో గెలిచాను. అవతలాయన నవ్వుతూ చెయ్యి కలిపాడు. మూడోదీ నాలుగోదీ చిత్తుగా ఓడాను, ముఖ్యంగా ఎల్డారి సైన్యం తెచ్చిన ఆయన చేతిలో, ఏం జరిగిందో ఇప్పటికీ అర్థం కాలేదు. ఐదోది నాలాగే కొత్తవాడితో, మెగానోబ్స్ ల్యాండ్ రైడర్‌ని డబ్బా మూత తీసినట్టు తీశారు. గడియారం ఒక్క ఆటలోనూ అయిపోలేదు, అతి తక్కువ మిగిలింది నాలుగు నిమిషాలు.

నాని అన్నా, ఒక మెగానోబ్ క్లా విరిగింది. డబ్బాలో పెడుతుంటే చూశాను. అతికించి, రంగు దిద్ది ఇస్తాను. సారీ.

డల్లాస్_డైస్
ఏడుగురు బాయ్జ్ విషయంలో ఓటమి ఒప్పుకుంటున్నా @పులిజూదం_పద్మ

పులిజూదం_పద్మ
మేక మంచిది తమ్ముడూ.

నాటింగ్‌హామ్_నాని
ఏ చెయ్యి విరిగింది?

వాగ్_వెంకట్
ఎడమది అన్నా. భుజం మీద పుర్రె ఉన్నవాడిది.

నాటింగ్‌హామ్_నాని
వాడిదా, 2023లో నేనే విరగ్గొట్టి జిగురుతో అంటించాను. నీకు చెప్పడం మర్చిపోయా.